అద్దం నకలు కాదు

మా ఇంటి ముందుగదిలో, గోడబీరువా మీద, ఒక చిన్న పెట్టె ఉన్నది. ఎత్తు జానెడు, వెడల్పు బెత్తెడు. కొత్తగా వచ్చిన చుట్టాలు దానిని రేడియో అనుకొంటారు. కాని దానికి పాడే గొంతు లేదు, బొమ్మలు చూపే ముఖమూ లేదు. ముందువైపు నాలుగు పచ్చదీపాలు, లోపల రెండు హార్డ్ డిస్కులు, వెనుక ఒక తీగ, అంతే. ఆ తీగ ఇంటర్నెట్ రౌటరుకు పోతుంది. ఇంట్లో ఎవరి ఫోనులోంచైనా, మావాడి కంప్యూటరులోంచైనా, పెట్టెలో దాచినవి తీసి చూసుకోవచ్చు. తెలిసినవాళ్ళు దీనిని నాస్ అంటారు. మా ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ ‘భోషాణం’ అంటుంది. ఆ పేరే బాగున్నదని నేనూ ఖాయం చేశాను.

ఈ భోషాణానికి పాత డిస్కులు తీసి కొత్తవి వేసిన కథ మీకు చెప్పబోతున్నాను. ఇందులో నా ఘనత ఏమీ లేదని ముందే మనవి చేసుకొంటున్నాను. ఉన్నదల్లా నా తెలివితక్కువతనమే. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మనలో చాలామంది ఇళ్ళలో పెళ్ళి ఫోటోలూ, పెద్దల గొంతులూ ఏదో ఒక డిస్కులోనే ఉన్నాయి. అవి భద్రంగా ఉన్నాయనుకొంటూ నిద్రపోతున్నాము. నేనూ తొమ్మిదేళ్ళు అలాగే నిద్రపోయాను.

నేను సాంకేతిక విద్య చదివినవాణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, బరంపురంలో ఒక వర్తకుల ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నాను. ఆఫీసులో ఒడియా, ఇంగ్లీషు; ఇంటికి వస్తే తెలుగు. మా తాతల నాడు ఈ ఊరు మద్రాసు రాజధానిలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. మేము ఉన్నచోటనే ఉన్నాము, సరిహద్దు మాత్రం జరిగింది. తెలుగు చదవడం, రాయడం నాన్నగారు ఇంట్లో అరుగు మీద కూర్చోబెట్టి నేర్పారు. మావాడి తరానికి వచ్చేసరికి మాట మిగిలింది, అక్షరం జారిపోతున్నది. వాడు తెలుగు గలగల మాట్లాడతాడు. చదవమంటే మాత్రం గుణింతం దగ్గర తడబడతాడు.

ఇక భోషాణంలో ఏమున్నాయంటే, రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్ర ఫోటోలు, మావాడి అన్నప్రాశన నుంచి నిన్నటిదాకా తీసిన వీడియోలు, ఇంటి పన్ను రసీదులు, నాన్నగారి ఉత్తరాల నకళ్ళు. వీటన్నిటికంటె విలువైనది ఒకటున్నది: మా మామ్మ గొంతు.

1994లో నాన్నగారు ఒక టేపురికార్డరు కొన్నారు. మామ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. ఆమెకు రాని పాట లేదు. మేలుకొలుపులు, మంగళహారతులు, పెళ్ళిలో వియ్యాలవారిని ఆటపట్టించే పాటలు, దంపుళ్ళ పాటలు. నాన్నగారు సెలవు రోజుల్లో ఆమెను కూర్చోబెట్టి మూడు క్యాసెట్ల నిండా పాడించారు. మామ్మకు ఆ యంత్రమంటే నమ్మకం తక్కువ. ప్రతి పాటకూ ముందు, “ఏటిరా, అది తిరుగుతోందా?” అని అడిగేది. నాన్నగారు, “తిరుగుతోందమ్మా, నువ్వు పాడు” అనేవారు. క్యాసెట్టులో పాటతోబాటు ఆ ప్రశ్నా, ఆ జవాబూ ప్రతిసారీ పడ్డాయి. 1997లో మామ్మ పోయింది. 2011లో నాన్నగారు పోయారు. ఇప్పుడు ఆ ఇద్దరి గొంతులూ ఒకేచోట వినిపించేది ఆ ప్రశ్నా జవాబుల్లోనే.

2012లో మా అన్నయ్యగారి రెండో అమ్మాయి, అప్పటికి కాలేజీలో చదువుతున్నది, సెలవులకు వచ్చి ఆ మూడు క్యాసెట్లనూ ఒక తీగతో కంప్యూటరులోకి ఎక్కించింది. “ఎందుకమ్మా ఈ శ్రమ, క్యాసెట్లు బాగానే ఉన్నాయిగా” అన్నాను నేను. మరుసటి ఏడు అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను మాకు పక్కనే ఉన్న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి చప్పుడు విన్నవాళ్ళకు దాని సంగతి చెప్పనక్కరలేదు, విననివాళ్ళకు చెప్పినా తెలియదు. మా అటక మీది రేకు లేచిపోయింది. తెల్లవారి చూస్తే ట్రంకుపెట్టెలో చెంబుడు నీళ్ళు, ఆ నీళ్ళలో క్యాసెట్లు. ఎండబెట్టాము, తుడిచాము, వేసి చూశాము. బుసబుసమనే చప్పుడు తప్ప మరేమీ రాలేదు.

అప్పటినుంచి కంప్యూటరులో ఉన్నదే మామ్మ. ఆ భయంతోనే 2016లో, అప్పు చేసి మరీ, ఈ భోషాణం కొన్నాను. అమ్మినతను, “ఇందులో రెండు డిస్కులు ఉంటాయండి. ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ రాసుకొంటుంది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. మీకిక బెంగ లేదు” అన్నాడు. దీనికి అద్దం పద్ధతి అని పేరు. ఒకదాని ముఖమే రెండోదానిలోనూ కనిపిస్తుంది గనుక. నాకు పరమానందమైంది. ఆఫీసులో కార్బను పెట్టి రాసిన బిల్లులాగా ఒక అసలు, ఒక నకలు. గుమాస్తాకు ఇంతకంటె ఏం కావాలి?

ఆనాటి డిస్కులు ఒక్కొక్కటి రెండు టెరాబైట్లవి. తొమ్మిదేళ్ళలో అవి ముప్పాతికదాకా నిండాయి. ఈ మధ్య ఫోనులు తీసే ఒక్కొక్క వీడియో ఒక బస్తా బియ్యమంత చోటు తింటున్నది. చోటు మాట అలా ఉండగా, ఒకనాడు పెట్టె కూతపెట్టింది. తెరమీద చూస్తే “మొదటి డిస్కు ఆరోగ్యం బాగాలేదు” అని ఉన్నది.

ఈ డిస్కులలో ఒక సుగుణం ఉన్నది. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం సంగతి తానే ఒక పట్టీలో రాసుకొంటుంది. ఎన్ని గంటలు తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్ని గళ్ళు చెడిపోతే వాటిని వదిలి వేరే గళ్ళకు సరుకు మార్చింది, అన్నీ అందులో ఉంటాయి. లోపల అద్దంలా నున్నటి పళ్ళేలు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతూంటాయి. వాటిమీద చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతుకు కూడా రాని ఎడంలో తేలుతూంటుంది. అలాంటి పని చేస్తూ మా మొదటి డిస్కు 51,000 గంటలు దాటింది. రాత్రిళ్ళు పెట్టె ఆపేస్తాను గనుక ఆ మాత్రమైనా తక్కువ. మార్చిన గళ్ళ లెక్క ఉగాదినాటికి 8, వైశాఖంలో 24, కూతపెట్టిన రోజున 168. మనిషికి రక్తపోటు ఎంత ఉన్నదన్నది ఒక సంగతి, అది వారం వారం పెరుగుతున్నదా అన్నది వేరే సంగతి. గళ్ళ లెక్క కూడా అంతే. పెరగడం మొదలుపెట్టిందంటే ఇక డిస్కును నమ్మరాదు.

కాబట్టి రెండు డిస్కులూ మార్చి, చెరి నాలుగు టెరాబైట్లవి వేయాలని నిశ్చయించాను. అన్నయ్యగారి అమ్మాయి ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. ఫోను చేస్తే రెండు మాటలు చెప్పింది. “చిన్నాన్నా, అద్దం పద్ధతికి పనికొచ్చే రకం అడిగి కొను. చవగ్గా వస్తుందని పెంకుల రకం తీసుకోకు” అన్నది. పెంకుల రకమేమిటని అడిగితే విడమరచి చెప్పింది. మామూలు డిస్కులో రాసే వరసలు పక్కపక్కన ఉంటాయి. కొన్ని డిస్కులలో ఎక్కువ సరుకు పట్టడం కోసం ఒక వరస అంచు మీద మరొకటి ఎక్కేట్టు, ఇంటి పెంకుల్లాగా, పేరుస్తారు. పెంకుటింట్లో నడిమి పెంకు మార్చాలంటే దాని మీదివి కూడా కదపాలి గదా! అలాగే ఆ డిస్కులో ఒక వరస తిరగరాయాలంటే పక్కవీ తిరగరాయాలి. ఎప్పుడో ఒకసారి రాసి పక్కన పెట్టుకొనేందుకు అవి బాగానే ఉంటాయిగాని, రెండు డిస్కుల సరుకు సరిచేసేటప్పుడు గంటల పని రోజుల పని అవుతుంది. అట్టపెట్టె మీద ఆ సంగతి చెప్పకుండా కొన్ని డిస్కులు అమ్మారని 2020లో పెద్ద గొడవే జరిగిందట.

కొట్టువాడు ముందు పెంకుల రకమే చూపించాడు. నేను అడిగేసరికి నా ముఖం వంక ఒకసారి చూసి, లోపలినుంచి వేరేవి తెచ్చాడు. రెండూ కలిసి ఇంచుమించు నా నెల జీతం. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే నాకు ఎక్కువ భయం.

అమ్మాయి చెప్పిన రెండో మాట: “ముట్టుకొనే ముందు అంతా బయట ఒక డిస్కులోకి నకలు తీసి పెట్టుకో.” ఆ మాట నేను విన్నాను, తల ఊపాను, చేయలేదు. ఉన్నవే రెండు కాపీలు, మూడోది దేనికి అనుకొన్నాను. నిజం చెప్పాలంటే, బయటి డిస్కు కొనడానికి మరో ఆరేడు వేలు అడగడానికి నోరు రాలేదు.

సరే, ఒక శనివారం సాయంత్రం స్నానం చేసి, దీపం పెట్టి, పని మొదలుపెట్టాను. పద్ధతి తేలిక. చెడ్డ డిస్కు తీసివేయాలి. ఆ చోట కొత్తది పెట్టాలి. మిగిలిన పాతదానిలోంచి పెట్టె తానే కొత్తదానిలోకి అంతా రాసుకొంటుంది. అది అయ్యాక రెండో పాతది కూడా తీసి రెండో కొత్తది పెట్టాలి. మళ్ళీ రాసుకొంటుంది. చివరకు చోటు పెంచమని ఆజ్ఞ ఇవ్వాలి. మొదటి డిస్కు మార్చగానే చోటు పెరగదు. జోడెడ్లలో నెమ్మదైనదాని నడకే బండి నడక అయినట్టు, రెండిటిలో చిన్నదాని కొలతే పెట్టె కొలత.

తెరమీద “మొదటి డిస్కు” అని ఉన్నది. పెట్టెలో డిస్కులు పెట్టే పళ్ళేలు రెండింటికీ నేను కాగితపు చీటీలు అంటించి ఉంచాను. ఒకటి, రెండు అని ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అంకెలు. గుమాస్తాను గదా, చీటీ లేని వస్తువు నా కంటికి ఆనదు. ఒకటి అని ఉన్న పళ్ళేన్ని లాగాను. పెట్టె ఒకసారి కూతపెట్టింది. అది మామూలేనని తెలుసు. కొత్త డిస్కు బిగించి పెట్టి, సరిచేయమని నొక్కాను. రాత మొదలైంది. ఏడున్నరకు నూటికి రెండు వంతులు. భోజనం చేసి వచ్చేసరికి పంతొమ్మిది. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. పెట్టెకు యూపీయస్ తగిలించి ఉంచాను గనుక పావుగంట నిలిచింది, ఆలోగా కరెంటు వచ్చింది. నా ముందుచూపుకు నేనే మెచ్చుకొన్నాను.

పదకొండు గంటలకు అరవై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. పది నిమిషాలైనా కదలలేదు. ఇరవై నిమిషాలైనా కదలలేదు. ఉన్నట్టుండి పెట్టె ఎడతెరపి లేకుండా కూతపెట్టసాగింది. పచ్చదీపం నారింజరంగుకు తిరిగింది. తెరమీద ఎర్ర అక్షరాలతో, భాండారం కూలిపోయిందని వచ్చింది. ఫోనులో చూస్తే సంచుల పేర్లు కనిపిస్తున్నాయి, లోపలివి తెరుచుకోవడం లేదు. మామ్మ అని ఉన్న సంచి తెరిచాను. మూడు పేర్లు వరసగా ఉన్నాయి. మొదటిది నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది, ఏమీ రాలేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

నాకు ఫైలిన్ మరునాడు ట్రంకుపెట్టె మూత ఎత్తిన ఉదయం గుర్తుకువచ్చింది. ఆ తప్పు గాలిది. ఈ తప్పు ఎవరిది?

బల్లమీద నేను లాగివేసిన పాత డిస్కు ఉన్నది. దానినే మళ్ళీ పెట్టి, సరిచేయమని ఇంకోసారి నొక్కుదామని చేయి చాచాను. ఏ దేవుడు ఆపాడోగాని, ముందు బెంగుళూరుకు ఫోను చేశాను. రాత్రి పదకొండున్నర. అమ్మాయి పాపం నిద్రలోంచి లేచింది.

“చిన్నాన్నా, ఏమీ నొక్కకు. చేతులు వెనక్కి పెట్టుకో” అన్నది. “ఏ డిస్కు తీశావు?”

“మొదటిదే తీశానమ్మా. చీటీ చూసే తీశాను.”

“చీటీ ఎవరు అంటించారు?”

“నేనే.”

“చీటీ వద్దు. తీసిన డిస్కు మీద సీరియల్ నంబరు ఉంటుంది, చదువు. తర్వాత తెరమీద చెడ్డ డిస్కు అని దేని నంబరు ఉందో అదీ చదువు.”

చదివాను. రెండూ ఒకటి కావు. నేను లాగినది మంచి డిస్కు! చెడ్డది పెట్టెలోనే ఉండి, నాలుగు గంటలుగా ఎముకలు కొరుక్కొంటూ కొత్తదానికి పాఠం చెప్పింది. చెప్పగలిగినంత చెప్పి, అరవై ఒకటి దగ్గర కూలబడింది.

ఎలా జరిగిందో అప్పుడు తట్టింది. రెండేళ్ళ క్రితం దుమ్ము దులపడానికి పళ్ళేలు రెండూ బయటికి తీసి, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేసి ఉంటాను. పెట్టె లెక్క గూటిని బట్టి. ఎడమ గూడు ఒకటి, కుడి గూడు రెండు. నా లెక్క చీటీని బట్టి. పైగా పెట్టె మీద అచ్చువేసిన అంకెలను నా ముత్యాలవంటి చీటీలే కప్పేశాయి. ఇరవై రెండేళ్ళుగా ఫైళ్ళకు నంబర్లు వేసి పొట్టపోసుకొంటున్నవాణ్ణి, రెండంటే రెండు వస్తువుల నంబర్లు తప్పాను. ఈ సంగతి మా ఆఫీసులో ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. ఈ సంచిక వాళ్ళ కంట పడదనే ధైర్యంతో రాస్తున్నాను.

“మంచి డిస్కు నా చేతిలోనే ఉన్నది గదమ్మా, మళ్ళీ పెడితే సరి” అన్నాను.

“అదే వద్దన్నది! పెట్టె నడుస్తుండగా పెట్టి సరిచేయమన్నావంటే, అది నీ మంచి డిస్కును ఖాళీది అనుకొంటుంది. దాని మీద ఉన్నది చెరిపి, చెడ్డదానిలోంచి రాయడం మొదలుపెడుతుంది. అప్పుడిక నేనేమీ చేయలేను.”

నా చేయి ఆ డిస్కు మీదే ఉన్నది. చటుక్కున తీసుకొన్నాను.

అమ్మాయి చెప్పినట్టు పెట్టెను పూర్తిగా ఆపాను. లోపలివి రెండూ తీసేశాను. నేను మొదట లాగిన మంచి డిస్కు ఒక్కదాన్నే గూట్లో పెట్టి మీట నొక్కాను. అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ ఫోనులో నేనూ మాట్లాడలేదు, అమ్మాయీ మాట్లాడలేదు. మా ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో, వెనుక నిలబడి ఉన్నది. దీపం పచ్చగా వెలిగింది. “ఒకే డిస్కు ఉన్నది, రెండోది లేదు” అని పెట్టె నిష్ఠూరమాడింది, అంతే. మామ్మ సంచి తెరిచి మొదటిది నొక్కాను.

“ఏటిరా, అది తిరుగుతోందా?”

“తిరుగుతోందమ్మా, నువ్వు పాడు.”

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఫోనులో అవతల అమ్మాయి ముక్కు చీదుకోవడం వినిపించింది. తాతగారి గొంతు దానికీ ఉన్నది అంతే గదా!

మిగిలినదంతా ఓపిక పని. అమ్మాయి ఒట్టు పెట్టించుకొన్నది: బయటి డిస్కు తెచ్చి నకలు తీసేదాకా మరొకటి ముట్టుకోనని. ఆదివారం ఉదయం కొట్టు తలుపు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. డబ్బు మా ఆవిడ పోపులడబ్బాలోంచి వచ్చింది. ఆరుగంటలు పట్టింది నకలుకు. ఆ తరువాత కొత్త డిస్కు పెట్టి, ఈసారి మంచి పాతదానిలోంచి రాయించాను, అయిదున్నర గంటలు. సోమవారం ఉదయం సీరియల్ నంబరు మూడుసార్లు చదివి, మావాడిచేత ఒకసారి చదివించి, రెండో పాతదాన్ని తీసి రెండో కొత్తది పెట్టి ఆఫీసుకు పోయాను. సాయంత్రానికి అదీ అయింది. చోటు పెంచమని ఆజ్ఞ ఇచ్చాను. నాలుగు అని కొన్నది తెరమీద 3.6 చిల్లర అని కనిపించింది. కొట్టువాడు మోసం చేశాడని మావాడు ఎగిరాడు. మోసం కాదు. అమ్మేవాడు వెయ్యి చొప్పున కొలుస్తాడు, యంత్రం 1,024 చొప్పున కొలుస్తుంది. సేరు ఒకటే, మానిక వేరు.

ఈ డిస్కు ఒక్కొక్కటి పట్టేది నాలుగు లక్షల కోట్ల అక్షరాలు. ఇటువంటి యంత్రాలలో మొదటిదాన్ని 1956లో అమెరికాలో ఐబీయం వాళ్ళు తెచ్చారు. రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 పేర్చి, బీరువా అంత చట్రంలో పెడితే, అది పట్టింది 50 లక్షల అక్షరాలు. అలాంటివి ఇంచుమించు 8 లక్షలు నా అరచేతిలోని డిస్కులో ఇమిడిపోయాయన్నమాట. చోటు ఇంత పెరిగింది. పోగొట్టుకొనే తీరు మాత్రం మారలేదు.

తరువాత నేను తీరికగా ఆలోచించిన సంగతి ఇది. అద్దం పద్ధతి నకలు కాదు. రెండు మూడు డిస్కులు కలిపి వాడే ఈ పద్ధతులకు రైడ్ అని పేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పండితులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ఈ పేరుతో ఒక వ్యాసం ప్రకటించారు. చవక డిస్కులను గుంపుగా కట్టి, ఒకటి చెడినా పని ఆగకుండా చూడడం వాటి ఉద్దేశం. పని ఆగకపోవడం వేరు, వస్తువు పోకపోవడం వేరు. అద్దంలో మన ముఖం కనిపిస్తుంది, నిజమే. ముఖానికి మసి అంటితే అదీ కనిపిస్తుంది. భోషాణంలో పొరపాటున ఒక ఫోటో చెరిపితే ఆ క్షణమే రెండు డిస్కులలోనూ చెరుగుతుంది. పిడుగు పడి తీగవెంట వస్తే రెండూ కాలతాయి. దొంగ వస్తే రెండూ ఒకే పెట్టెలో మోసుకుపోతాడు. ఒకేరోజు కొని ఒకేలా తిప్పిన డిస్కులు ముసలితనానికి కూడా ఇంచుమించు ఒకేసారి వస్తాయి.

మా ఆవిడకు ఇదంతా చెబితే, ఆమె ఆశ్చర్యపోలేదు. “ఆవకాయ రెండు జాడీల్లో పెట్టి రెండూ ఒకే చెక్క మీద పెడితే, చెక్క విరిగిననాడు ఏ జాడీ మిగులుతుంది? అందుకే మా అమ్మ ఒకటి వంటింట్లో, ఒకటి పడకగదిలో మంచం కింద పెట్టేది” అన్నది. తొమ్మిదేళ్ళ క్రితమే ఈమెను అడిగి ఉంటే సరిపోయేది.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటున్నది, మూడు, రెండు, ఒకటి అని. కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల సాధనాలలో ఉండాలి, ఒకటైనా వేరే చోట ఉండాలి. మేము ఇప్పుడు అదే పాటిస్తున్నాము. భోషాణంలో ఒకటి. బీరువాలో, తీగ తగిలించకుండా, బయటి డిస్కు ఒకటి. ప్రతి నెల మొదటి ఆదివారం దానిని నవీకరించడం నా వంతు. మూడోది ఎక్కడ పెట్టాలని చర్చ జరిగింది. మా మేనత్తగారి కొడుకు విశాఖపట్నంలో ఉన్నాడు గదా అన్నాను. “ఫైలిన్ మనకు 2013లో అక్టోబరు 12న, హుద్‌హుద్ వాళ్ళకు 2014లో అదే అక్టోబరు 12న. తుపానుకు మనమూ వాళ్ళూ ఇరుగుపొరుగే” అన్నది మా ఆవిడ. అందుచేత మూడోది బెంగుళూరులో అమ్మాయి దగ్గర. పండుగకు వచ్చినప్పుడు పాతది తెస్తుంది, కొత్తది పట్టుకుపోతుంది, అరిసెలతోబాటు.

నకలు తీయడంతో పని అయిపోదు. తీసినది తెరుచుకొంటుందో లేదో చూడాలి. మా ఆఫీసులో ఒక పాత పెద్ద గుమాస్తాగారు ఉండేవారు. సంవత్సరానికొకసారి రికార్డుగదిలోంచి ఏదో ఒక దస్త్రం తెమ్మనేవారు. అవసరముండి కాదు. తెరిచి ఒక పుట చదివి, మళ్ళీ పెట్టేయమనేవారు. చాదస్తమని మేము నవ్వుకొనేవాళ్ళం. చదలు పట్టిందీ లేనిదీ అలాగే తెలుస్తుందని నాకు ఇన్నేళ్ళకు అర్థమైంది.

కాబట్టి నెలకొకసారి, నకలు తీయడం అయ్యాక, బయటి డిస్కులోంచి మామ్మ పాట ఒకటి పెడతాము. ఇది పరీక్ష కోసం మొదలైనదే అయినా ఇప్పుడు వేరే రూపానికి వచ్చింది. మావాడు చెవి ఒగ్గి వింటాడు. మొన్న ఒక పాటకూ మరో పాటకూ నడుమ మామ్మ ఎవరినో, “పాలు దాలిలో పెట్టేరా?” అని కేకవేసింది. “దాలి అంటే ఏమిటి నాన్నా?” అన్నాడు వాడు. పిడకల సెగ మీద పాలకుండ పెట్టే గుంట సంగతీ, ఆ పాల మీద కట్టే ఎర్రని మీగడ సంగతీ చెప్పాను. వాడు ఒక కాగితం మీద ఆ మాట రాసుకొన్నాడు. తెలుగులోనే రాశాడు. గుణింతం ఒకచోట తప్పింది, దిద్దాను.

ఈ కొత్త డిస్కులు కూడా ఎల్లకాలం ఉండవు. ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో మళ్ళీ కూతపెడతాయి. అప్పటికి మావాడు పెద్దవాడవుతాడు, పళ్ళేలు లాగే పని వాడిది. చీటీలు మాత్రం పీకేశాను. వాటి బదులు ప్రతి డిస్కు సీరియల్ నంబరూ, కొన్న తేదీ, పెట్టిన గూడు ఒక చిన్న పుస్తకంలో రాసి బీరువాలో పెట్టాను. పుస్తకం తెలుగులోనే రాశాను. వాడు చదవక తప్పదు.

నెల మొదటి ఆదివారం సాయంత్రం మా వీధిన వెళ్ళేవారికి లోపలినుంచి ఒక ముసలిగొంతు వినిపిస్తుంది, అది తిరుగుతోందా అని. నాన్నగారు టేపులోంచి జవాబు చెబుతారు. ఆయనతోబాటు ఇప్పుడు మావాడు కూడా ఇటునుంచి చెబుతున్నాడు, తిరుగుతోంది మామ్మా అని.